పెద్ద పెట్రోల్ బండి కొనొచ్చా? లెక్క లీటర్లలో చూద్దాం

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. పిల్లల చదువులు అయిపోయాయి, ఇంటి లోన్ తీరిపోయింది. ఇకనుంచి ఏడాదికి రెండు నెలలు నేనూ మా ఆవిడా ఎడారి దారులు, కొండ దారులు పట్టుకుని మనిషి అలికిడి లేని చోట్లకు వెళ్లి రావాలని కోరిక. టయోటా ల్యాండ్ క్రూజర్, నిస్సాన్ పట్రోల్ లాంటి పెద్ద పెట్రోల్ ఫోర్ వీల్ డ్రైవ్ మీద మనసు పడింది. రిటైర్మెంట్ కోసం దాచిన దాంట్లో మూడో వంతు తీసి డౌన్ పేమెంట్ కట్టి, మిగతాది ఐదేళ్ల లోన్ పెడదామనుకుంటున్నాను. ఇదే సైజు డీజిల్ బండికి అదనంగా పెట్టే డబ్బుతో 6,000 లీటర్ల పెట్రోల్ వస్తుంది. మా ఆవిడ మాత్రం ‘అది తాగే బండి, మనల్ని ముంచుతుంది’ అంటోంది. పెట్రోల్ తీసుకోవడం తెలివితక్కువా? కొత్తది కొనాలా, పాతదా?

జవాబు: మీ శ్రీమతి గారి టెన్షన్ సరైనదే. కాకపోతే ఆవిడ అనుమానిస్తున్న చోట దొంగ లేడు. మీ లెక్క మొత్తంలో పెట్రోల్ చిన్న పద్దు. పెద్ద పద్దులు రెండు: ఒకటి లోన్, రెండోది బరువు. బరువు డబ్బుల పద్దు ఎలా అయిందంటారా, దానికి తర్వాత వస్తాను.

ముందు తాగుడు సంగతి తేల్చేద్దాం. మీరు ధర తేడాను పెట్రోల్ లీటర్లలో చెప్పడం నాకు భలే నచ్చింది, నేనూ అలాగే చెబుతాను. సామాను నింపుకుని, కొంత తారు రోడ్డు, కొంత మట్టి దారి తిరిగే ఇంత పెద్ద పెట్రోల్ బండి 100 కిలోమీటర్లకు 19 లీటర్ల దాకా తాగుతుందనుకోండి. అదే సైజు డీజిల్‌కు 14 అనుకోండి. తేడా 5 లీటర్లు. మీ రెండు నెలల ప్రయాణాలు, ఇంటి దగ్గర అప్పుడప్పుడు తీసే తిరుగుళ్లు కలిపి ఏడాదికి 12,000 కిలోమీటర్లు వేసుకుంటే, తేడా 600 లీటర్లు. డీజిల్‌కు అదనంగా పెట్టే 6,000 లీటర్ల డబ్బు తిరిగి రాబట్టుకోవడానికి పదేళ్లు పడుతుంది. రెండు ఇంధనాల ధరలూ దగ్గర దగ్గరగా ఉంటే సంగతి ఇది. మీ దగ్గర డీజిల్ బాగా చవకైతే ఈ పదేళ్లు తగ్గుతాయి. అదే బండిలో రోజూ ఆఫీసుకు కూడా వెళ్లి ఏడాదికి 25,000 కిలోమీటర్లు తిప్పితే, ఐదేళ్లలోపే డీజిల్ గెలుస్తుంది. కాబట్టి పెట్రోల్ కొనండి, కానీ దాన్ని ఆఫీసుకు తీసుకెళ్లకండి. ఇంట్లో ఉన్న చిన్న కారు అమ్మకండి.

ఇంకో చిన్న విషయం. బండికి కనీసం ఏ ఆక్టేన్ (ఇంజిన్లో వేళకు ముందే అంటుకోకుండా పెట్రోల్ ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) పెట్రోల్ కావాలో ఓనర్ మాన్యువల్‌లో ఉంటుంది. 95 కావాలని రాసి ఉంటే మీ లెక్క ఆ ఖరీదైన పెట్రోల్ ధరతోనే వేయాలి. మారుమూల బంకుల్లో చాలాసార్లు తక్కువ రకమే దొరుకుతుంది. ఇప్పటి ఇంజిన్లు ఆ ముందే అంటుకోవడాన్ని పసిగట్టే నాక్ సెన్సర్‌తో సర్దుకుపోతాయి గానీ లాగుడు తగ్గుతుంది, తాగుడు పెరుగుతుంది. అలాంటి చోట అది మీ బండికి పోయొచ్చో లేదో మాన్యువల్‌లో ముందే చూసుకోండి.

పెట్రోల్‌తో అసలు చిక్కు ఖర్చు కాదు, దూరం. లీటరుకు లీటరు చూస్తే డీజిల్‌లో పదో వంతుకు పైనే ఎక్కువ శక్తి ఉంటుంది, పైగా ఆ ఇంజిన్ దాన్ని పొదుపుగా వాడుతుంది. ఒక బంకుకూ మరో బంకుకూ మధ్య 600 కిలోమీటర్లు ఉన్నాయనుకోండి. మధ్యలో ఇసుక ఉంటే 100 కిలోమీటర్లకు సగటున 22 లీటర్లు వేసుకోవాలి, అంటే 132. దారి తప్పినా, వాగు పొంగి వెనక్కి తిరిగి రావాల్సి వచ్చినా సరిపోయేలా పావు వంతు కలపండి, 165. డీజిల్‌కు ఇదే దారిలో 120 చాలు. 2010లో వచ్చిన తరం పట్రోల్‌కు 5.6 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్, 140 లీటర్ల ట్యాంకు. పేరు పట్రోల్, తాగేది పెట్రోల్, ఏం చేస్తాం! అడుగున పది లీటర్లు లేవనుకున్నా, 20 లీటర్ల డబ్బాలు రెండు కట్టుకుంటే ఈ దారి గట్టెక్కుతుంది. 2021లో వచ్చిన ల్యాండ్ క్రూజర్ 300కి 3.5 లీటర్ల ట్విన్ టర్బో వీ6 (ఆరు సిలిండర్లు, గాలిని ఒత్తి లోపలికి నెట్టే రెండు టర్బోలు), ట్యాంకు 110 లీటర్లే. దానికి డబ్బాలు నాలుగు కావాలి. కాగితం మీద ఏ బండి గొప్పదో చూసేముందు ఈ డబ్బాల లెక్క వేయండి.

డబ్బాలు లోపల పెట్టకండి. సున్నాకు 40 డిగ్రీల కింద కూడా పెట్రోల్ ఆవిరి నిప్పందుకుంటుంది. ఎండకు ఉబ్బిన డబ్బా, పక్కనే ఫ్రిజ్ వైరింగు, ఇక చెప్పేదేముంది. నింపేటప్పుడు కూడా డబ్బాను నేల మీద పెట్టే నింపాలి. బండిలో ఉంచి నింపితే స్టాటిక్ కరెంటు రవ్వ చాలు కొంప ముంచడానికి. డబ్బా బయట, వెనక స్టాండులో ఉండాలి. ఆ స్టాండుకూ డబ్బు కావాలి, దానికీ బరువు ఉంటుంది.

ఇక బరువు. సలహాలు చెప్పే నేనే ఇందులో పప్పులో కాలేశాను. కొన్నేళ్ల కింద నా బండికి ఒక్కొక్కటీ అమర్చుకుంటూ పోయాను. ముందు స్టీలు బంపరు, వించ్ (చిక్కుకున్న బండిని తాడుతో లాగే మోటారు), పైన ర్యాక్, దాని మీద టెంటు, వెనక సొరుగులు, రెండో బ్యాటరీ. బయల్దేరే ముందు రోజు సరదాకి కాటా మీదికి ఎక్కించాను. చీటీ చేతికొచ్చాక రెండుసార్లు చదువుకున్నాను. అనుమతించిన గరిష్ఠ బరువు కంటే 140 కిలోలు ఎక్కువ. మా ఆవిడ ఇంకా బండి ఎక్కనే లేదు!

మీకూ అదే జరుగుతుందని చెప్పడానికి ఒక ఉజ్జాయింపు లెక్క. ఇలాంటి పెద్ద బండి మోయగలిగేది చాలా వరకు 700 కిలోల అటూ ఇటూ ఉంటుంది. ఖచ్చితమైన అంకె బండి ప్లేటు మీద, మాన్యువల్‌లో దొరుకుతుంది. మీ ఇద్దరూ 150. బంపరు, వించ్ 95. ర్యాక్, టెంటు 90. సొరుగులు, ఫ్రిజ్, రెండో బ్యాటరీ 120. నీళ్లు 60. పెట్రోల్ నింపిన రెండు డబ్బాలు దాదాపు 38. రెండో స్టెప్నీ 40. తాళ్లు, పలుగు పార, పనిముట్లు 40. వంట సామాను, బట్టలు, కుర్చీలు 80. కూడండి, 713. మీ శ్రీమతి గారి దిండు కూడా ఇంకా పెట్టలేదు.

బరువు దాటితే ఏమవుతుంది? స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, వీల్ బేరింగులు ముందే పోతాయి. ప్రమాదం జరిగితే బరువు దాటిందన్న సాకుతో ఇన్సూరెన్స్ కంపెనీ పేచీ పెట్టొచ్చు. ‘దానికేముంది, గట్టి సస్పెన్షన్ వేయిద్దాం’ అంటాడు మెకానిక్. గట్టి స్ప్రింగు వేసినంత మాత్రాన కాగితాల్లో అనుమతి బరువు పెరగదు, అది వేరే సర్టిఫికెట్ తతంగం. ఇలా ఒకదానికొకటి తగులుకుని ఖర్చు తడిసి మోపెడవుతుంది. నా మాట వింటే పై టెంటు మానేసి నేల మీద వేసుకునే టెంటు కొనండి. వించ్ కూడా మొదటి ఏడాది వద్దు. ఇసుకలో చక్రాల కింద వేసే రెండు రికవరీ ట్రాక్‌లు, ఒక మంచి తాడు, పార, టైరు గాలి కంప్రెసర్ చాలు. ఇసుకలో దిగే ముందు టైరు గాలి 36 పీఎస్‌ఐ నుంచి 18కి దించితే టైరు పొట్ట నేలకు పరుచుకుని బండి తేలినట్టు వెళ్తుంది, తాగుడూ తగ్గుతుంది. తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ నింపాలి, అది మరిచిపోతే టైరు వేడెక్కి పగులుతుంది. పెట్టిన డబ్బుకు ఇంత ఫలం ఇచ్చే వస్తువు ఈ వ్యవహారంలో కంప్రెసర్ తప్ప మరొకటి లేదు.

కొత్తదా పాతదా అన్నదానికి నా జవాబు పాతదే. నాలుగు నుంచి ఆరేళ్ల వయసున్నది, సర్వీసు పుస్తకం సక్రమంగా ఉన్నది. కొత్త బండి విలువ మొదటి మూడేళ్లలోనే ఎక్కువ పడిపోతుంది, ఆ దెబ్బ ఇంకొకరు తినేశాక మీరు కొంటారు. ‘తాగే బండి’ అన్న భయం మీ ఇంట్లోనే కాదు, అందరి ఇళ్లలోనూ ఉంది. అందుకే పాత పెద్ద పెట్రోల్ బండికి బేరం బాగా ఆడొచ్చు. పైగా 2024లో వచ్చిన కొత్త పట్రోల్‌లో ఆ వీ8 తీసేసి ట్విన్ టర్బో వీ6 పెట్టారు. టర్బో లేని పాత ఇంజిన్‌లో వేడికి చెడిపోయే భాగాలు తక్కువ. అయితే మీ కోరికలో కొండలు కూడా ఉన్నాయి గనక ఒక మాట. టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ పదో వంతు దాకా బలం కోల్పోతుంది. 4,000 మీటర్ల మీద మూడో వంతుకు పైగా పోయినట్టే. ఇంత పెద్ద ఇంజిన్‌కు మిగిలిన బలం సరిపోతుంది, నెమ్మదిగా ఎక్కుతుంది, అంతే.

ఏ వేరియంట్ అన్నది కూడా చూడండి. ఖరీదైన వేరియంట్‌కు 20, 22 అంగుళాల చక్రాలు వస్తాయి. చూడ్డానికి అందం, రాళ్లలో దండగ. టైరు పక్కగోడ పొట్టిగా ఉంటుంది కాబట్టి గాలి దించే వీలుండదు, ఆ సైజు టైరు మారుమూల దొరకదు. చక్రాలకు అంత ఎక్కువ ఇచ్చి కొని, వాటిని తీసేసి 17, 18 అంగుళాలవి వేయడానికి మళ్లీ ఖర్చు పెట్టడం నేను చాలామంది విషయంలో చూశాను. బ్రేకులు పెద్దవైతే చిన్న చక్రం అసలు పట్టకపోవచ్చు కూడా.

కొనే ముందు బండిని లిఫ్టు మీద ఎక్కించి, డిఫరెన్షియల్ (చక్రాలకు బలం పంచే గేర్ల పెట్టె) ఆయిల్ ఒక చుక్క తీయించి చూడండి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి, అంటే ఎక్కడో లోతు వాగు దాటించారు. ఛాసిస్ మూలల్లో వేలు పెట్టి తడమండి, ఎండిన మట్టి రాలితే ఓనరు ‘సిటీలోనే తిప్పాను సార్’ అన్న మాట అబద్ధం. నెమ్మదిగా, బలంగా లాగే లో రేంజ్‌లో వేసి కాస్త నడపండి, ఎడమ, కుడి చక్రాలు కలిసే తిరిగేలా బిగించే డిఫ్ లాక్ పడుతుందో లేదో చూడండి. రేడియేటర్ కూలెంట్, గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. ఎండలో, ఇసుకలో ఇంజిన్‌ను చంపేది వేడే. పెట్రోల్ బండి సైలెన్సర్ గొట్టం బాగా కాలుతుంది. ఎండు గడ్డిలో నడిపాక అడుగున చిక్కుకున్న గడ్డిని కొక్కెం తీగతో లాగేయకపోతే బండే అంటుకోవచ్చు, ఆ తీగకు పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు లోన్, రిటైర్మెంట్ డబ్బు. ఇక్కడ నేను కాస్త కటువుగానే చెబుతాను. రెండూ వద్దు. పది శాతం వడ్డీకి ఐదేళ్ల లోన్ అంటే వంద తీసుకుని 127 పైచిలుకు కడతారు. ఆ ఐదేళ్లలో బండి విలువ మాత్రం కిందికే పోతుంది. మీరు దాచిన డబ్బు ఏడాదికి ఎనిమిది శాతం పెరుగుతోందనుకుంటే తొమ్మిదేళ్లకు రెట్టింపు. అంటే ఈ రోజు తీసే ప్రతి వందా మీకు 61 వచ్చేసరికి రెండు వందలు. మీకు ఇంటి లోన్ లేదు, పిల్లల ఫీజులు లేవు. ఇన్నాళ్లూ ఆ రెండింటికీ కట్టిన మొత్తాన్ని రెండేళ్ల పాటు పక్కన పెట్టండి, పాత బండి డబ్బులో చాలా భాగం పోగవుతుంది. తగ్గితే మిగతాది చిన్న లోన్, రెండేళ్లలో తీరేలా.

బండి కోసం పోగేసిన దాంట్లో వందకు అరవై ఐదు దాటి బండి ధరకు పెట్టకండి. పదిహేను టైర్లకు, సర్వీసుకు, సామానుకు. మిగిలిన ఇరవై దారి ఖర్చుకు, ఆపదకు. మారుమూల బండి ఆగిపోతే దాన్ని బయటికి లాక్కొచ్చే బిల్లు ఒక్కోసారి మొత్తం ట్రిప్పు ఖర్చును మించుతుంది. ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్టు, చాలామంది ఈ ఇరవైనే కోసేస్తారు. ఇంటికి ఆరు నెలల ఖర్చు విడిగా ఉంచడం ఎలాగూ తెలిసిందే.

మీరు ఏడాదికి రెండు నెలలన్నారు. మొదటి ఏడాది అందరూ అలాగే అంటారు. వంద పెట్టి కొన్న పాత బండి ఐదేళ్లకు అరవై అయిందనుకుందాం. ఇన్సూరెన్స్, టైర్లు, సర్వీసు ఏడాదికి ఆరు చొప్పున ముప్పై. మొత్తం ఖర్చు డెబ్బై. ఏడాదికి 60 రాత్రులు బయట గడిపితే 300 రాత్రులు, ఒక్కో రాత్రికి పావు కంటే తక్కువే. 20 రాత్రులతో సరిపెడితే రాత్రికి 0.7, అంటే మూడు రెట్లు. అద్దె బండి రోజుకు ఎంతో కనుక్కుని ఈ రెండు అంకెల పక్కన పెట్టి చూడండి. 20 రాత్రులే అయితే చాలా చోట్ల అద్దే గెలుస్తుంది. డబ్బు పోగయ్యే ఈ రెండేళ్లలో ఒకసారైనా ఇలాంటి బండే రెండు వారాలకు అద్దెకు తీసుకుని ఇద్దరూ వెళ్లి రండి. ఆరో రోజు రాత్రి గాలికి టెంటు ఊగుతుంటే మీ శ్రీమతి గారు ఏమంటారో వినండి.

తిరిగొచ్చాక కూడా మనసు మారకపోతే రెండు కాగితాలు తెచ్చుకోండి. ఒకటి, మట్టి దారుల్లో, రోడ్డు లేని చోట్ల జరిగే నష్టానికి, బండిని లాక్కురావడానికి కవర్ ఉందో లేదో ఇన్సూరెన్స్ కంపెనీ రాసిచ్చిన జవాబు. ఫోన్‌లో ‘ఉంటుంది సార్’ అన్న మాట లెక్కలోకి రాదు. రెండోది, కొనబోయే బండిని ట్యాంకు నింపి, ఖాళీగా తూకం వేయించిన కాటా చీటీ. అవి రెండూ చేతికి రాగానే నాకు మళ్లీ రాయండి, లాంగ్ రేంజ్ ట్యాంకు (ఇంకా పెద్ద ఇంధన ట్యాంకు) వేయించాలా లేక డబ్బాలతో సరిపెట్టాలా అన్నది అప్పుడు తేల్చుకుందాం.