హ్యూస్టన్‌లో తోట మొదలుపెడుతున్న మా బుజ్జికి

బుజ్జీ, మీ కొత్త ఇంటి వెనక ఫోటోలు చూశానమ్మా, ఎండ బ్రహ్మాండంగా పడుతోంది, కానీ అల్లుడుగారు అప్పుడే నర్సరీకి వెళ్ళి మామిడి, కొబ్బరి, అరటి అన్నీ ఒకేసారి తెచ్చేస్తానంటున్నారట, కాస్త ఆగమను. ఇక్కడి వేడి చూసి మన బెజవాడే కదా అనుకుంటారు అందరూ, ఎండాకాలం వరకూ అది నిజమే, చెట్టు సంగతి తేలేది మాత్రం జనవరి ఫిబ్రవరిలో గడ్డకట్టే ఆ కొద్ది రాత్రుల్లోనే. 2021 ఫిబ్రవరిలో ఎయిర్‌పోర్ట్ దగ్గర 13 ఫారెన్‌హీట్‌కి, అంటే మన సెల్సియస్‌లో దాదాపు మైనస్ పదికి దిగింది, ఊళ్ళో నిమ్మచెట్లు, కాగితం పూల తీగలు ఎన్ని పోయాయో లెక్కలేదు.

అందుకని ముందు ఏది నేలలో, ఏది కుండీలో అన్నది తేల్చుకోండి. దానిమ్మ, అంజూర, సత్సుమా నారింజ నేలలో పెట్టేయండి, మామూలు చలికి తట్టుకుంటాయి. అరటి, మునగ పైన మాడిపోయినా మొదలు చుట్టూ మల్చ్, అదే ఎండుటాకులో చెక్కపొట్టో, దట్టంగా పరిచుంటే చాలాసార్లు వసంతంలో మళ్ళీ లేస్తాయి. మామిడి, మల్లె, కరివేపాకు మాత్రం కుండీలోనే, గరాజ్‌లోకి లాగగలిగినంత సైజులో.

నేల సంగతి కూడా చూసుకోవాలి, ఇక్కడ చాలా చోట్ల అచ్చం మన నల్లరేగడే, వానకి బంక, ఎండకి నెర్రెలు. గొయ్యి తీసి మంచి మట్టి నింపితే నీళ్ళన్నీ అందులోకే దిగి వేళ్ళు కుళ్ళిపోతాయి, దానికన్నా అడుగెత్తు మడి కట్టించుకోవడం నయం, ఒకసారి ఖర్చు అంతే.

ఇక నువ్వు అడిగిన కరివేపాకు. ఫ్లోరిడా నుంచి చుట్టాలెవరో కార్లో మొక్క తెస్తామన్నారన్నావు, వద్దని చెప్పు. నిమ్మజాతిని చంపే గ్రీనింగ్ తెగులుని మోసే చిన్న పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది, ఆ తెగులుకి మందు లేదు, టెక్సాస్‌లో 2012లోనే బయటపడింది, అందుకే మొక్కల్ని అటూ ఇటూ తిప్పడం మీద గట్టి ఆంక్షలున్నాయి. ఇక్కడి నర్సరీలో తనిఖీ అయినట్టు ట్యాగ్ ఉన్నదే కొనుక్కో. రాత్రి 40 ఫారెన్‌హీట్‌కి (సెల్సియస్‌లో నాలుగు) దగ్గరపడితే లోపల పెట్టేయ్. ఆకులు పసుపెక్కి రాలిపోతాయి, చచ్చిపోయిందనుకుని కంగారుపడి నీళ్ళు పోసేస్తారు చూడు, అసలు చచ్చేది అప్పుడే. మట్టిలో వేలు రెండు కణుపుల లోతు పెట్టి చూడు, పొడిగా ఉంటేనే గ్లాసుడు నీళ్ళు. మార్చిలో చిగురేశాక కొసలు తుంచుతూ ఉంటే గుబురుగా వస్తుంది, పూమొగ్గలు కూడా తీసెయ్. మీ అత్తగారు పుల్లమజ్జిగ పొయ్యమంటారు, పోసుకో, నేనూ పోస్తాను, ఎండాకాలంలో మాత్రమే సుమా.

మల్లెకి ఫిబ్రవరి చివర్లో కొమ్మలు కత్తిరించి ఆకు దూసెయ్, కొత్త చిగురుకే మొగ్గలు. కాగితం పూలకి గారాబం పనికిరాదు, ఇరుకు కుండీ, బోలెడు ఎండ, మట్టి ఎండాకే నీళ్ళు, యూరియాలాంటివి ఎక్కువైతే ఆకులే తప్ప పువ్వుండదు.

ఫ్రీజ్ వార్నింగ్, అంటే రాత్రి గడ్డకట్టే చలి ఉంటుందన్న హెచ్చరిక, వచ్చిన రోజు మధ్యాహ్నమే నేలలో చెట్లకి నీళ్ళు పెట్టండి, తడి మట్టి వేడిని పట్టుకుంటుంది. పాత దుప్పటి నేలదాకా ఆనేట్టు కప్పి చుట్టూ ఇటుకలు పెట్టండి, ప్లాస్టిక్ కవర్ ఆకుకి తగలకూడదు, తగిలిన చోటల్లా మాడుతుంది. పొద్దున ఎండ రాగానే తీసెయ్యాలి. తర్వాత కొమ్మలన్నీ నల్లబడ్డాయని అల్లుడుగారు కత్తెర పట్టుకుంటారు, మార్చిదాకా ముట్టుకోనివ్వకు, గోటితో బెరడు కాస్త గీకి చూడు, లోపల పచ్చగా ఉంటే బతికే ఉన్నట్టు.

దేవగన్నేరు కొమ్మ ఒకటి నీకోసం పక్కన పెట్టాను, ఏప్రిల్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు తీసుకెళ్ళు. వెంటనే పాతెయ్యకు, కోసిన చివర పాలు కారడం ఆగి గట్టిపడేదాకా ఒక వారం నీడలో ఉంచి అప్పుడు పెట్టు.

మీ పెద్దమ్మ