ఉండాల్సినవి పోయి, పోవాల్సింది మిగిలింది

ప్రశ్న: పీహెచ్‌పీలో (వెబ్‌సైట్లు రాసే ప్రోగ్రామింగ్ భాష) మా ట్యూషన్ సెంటర్‌కి ఫీజుల ఫారం రాసుకుంటున్నాను. సబ్మిట్ చేశాక వచ్చే అరేలో (పేరు, విలువ జంటల జాబితా) ‘ఫీ_’తో (fee_) మొదలయ్యే కీలు, అంటే పేర్లు, మాత్రమే కావాలి. జాబితాను వడకట్టే అరే_ఫిల్టర్‌ని (array_filter) కీలే చూడమని చెప్పి, లోపల ఒక మాటలో ఇంకో మాటను వెతికే స్ట్ర్‌పాస్ (strpos) వాడాను. ‘ఫీ_బస్’, ‘ఫీ_బుక్స్’ రెండూ ఎగిరిపోయాయి. నేను అడగని ‘లేట్_ఫీ_టోటల్’ ఒక్కటే మిగిలింది. ఎందుకండీ?
- ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: మీ ఫిల్టర్ బాగానే పనిచేస్తోందండీ, తిరకాసంతా స్ట్ర్‌పాస్‌తోనే. అది ‘ఉందా, లేదా’ అని చెప్పదు, ఎక్కడుందో చెబుతుంది. లెక్క 0 నుంచి మొదలు కాబట్టి ‘ఫీ_బస్’కి 0 వస్తుంది. 0 అంటే అరే_ఫిల్టర్ దృష్టిలో ‘వద్దు’. ‘లేట్_ఫీ_టోటల్’లో ముందు ‘late_’ అనే ఐదు అక్షరాలున్నాయి కాబట్టి దానికి 5 వచ్చింది, అందుకే దర్జాగా లోపల కూర్చుంది.

స్ట్ర్‌పాస్ ఇచ్చే జవాబును 0తో పోల్చండి, మూడు సమాన గుర్తులతో (===). రెండే పెడితే, ‘ఫీ_’ అసలు దొరకని కీకి వచ్చే ఫాల్స్ (‘లేదు’ అనే జవాబు) కూడా 0తో సమానమైపోయి, సంబంధం లేనివన్నీ లోపలికొస్తాయి. మీ సర్వర్‌లో పీహెచ్‌పీ 8.0 గానీ ఆపైది గానీ ఉంటే ఈ టెన్షనే లేదు, స్ట్ర్_స్టార్ట్స్_విత్ (str_starts_with) ఫలానా దానితో మొదలవుతుందా అంటే నేరుగా అవును, కాదు అని చెప్పేస్తుంది. 2020లో వచ్చింది. అంతకుముందు ఇన్నేళ్లు ఇంత చిన్న పనికి ఎందుకు ఏడిపించారో!

ఇంకొకటి: కీ అంతా అంకెలే అయితే, అంటే ‘2024’ లాంటిదైతే, పీహెచ్‌పీ దాన్ని ఇంటిజర్‌గా (పూర్ణాంకంగా) మార్చేస్తుంది. స్ట్రిక్ట్ టైప్స్ (అంకెకీ అక్షరాలకీ తేడా గట్టిగా చూసే సెట్టింగ్) పెట్టుకుని ఉంటే అక్కడ టైప్ ఎర్రర్ వస్తుంది. ముందుగా కీని స్ట్రింగ్‌గా (అక్షరాల వరుసగా) మార్చుకోండి. కీలు తెలుగులో పెట్టే ఆలోచన ఉంటే ‘క’ అని వెతికినప్పుడు ‘కాలేజీ’, ‘కిట్’, ‘కూపన్’ అన్నీ వస్తాయి, ఎందుకంటే యూనికోడ్‌లో (కంప్యూటర్ అక్షరాలను దాచుకునే పద్ధతి) గుణింతపు గుర్తు అక్షరం తర్వాత విడిగా ఉంటుంది.

అయినా నన్నడిగితే మీకసలు ఫిల్టరే అక్కర్లేదు. ఫారంలో ఆ ఇన్‌పుట్‌ల పేర్లను ‘ఫీ[బస్]’, ‘ఫీ[బుక్స్]’ అని చదరపు బ్రాకెట్లతో పెట్టండి. పీహెచ్‌పీయే వాటిని ‘ఫీ’ అనే ఒక్క కీ కింద అరేగా అమర్చి ఇస్తుంది. లేట్ ఫీజు పేరు అలాగే ఉండనివ్వండి, అది బయటే ఉంటుంది.