డబ్లిన్ వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయీ,

పందొమ్మిదో శతాబ్దపు ఐర్లండ్ పల్లె పంతులి మీద పరిశోధనకు డబ్లిన్ వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది. గుబులుగానూ ఉంది, ఆ పంతులి మీద జాలిపడి, ఆ జాలితోనే రాసేస్తావేమోనని.

ముందు చిన్న సంగతులు. కౌంటీ అంతా పెట్టుకోకు, ఒక్క ఊరు చాలు. బిషప్ స్ట్రీట్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో బడి పత్రాలు 'ఈడీ' వరుసలో ఉంటాయి: ఈడీ 1 దరఖాస్తులు, ఈడీ 2 జిల్లా రిజిస్టర్లు, ఈడీ 4 జీతాల పుస్తకాలు, ఈడీ 9 ఉత్తరప్రత్యుత్తరాలు. ప్రతి బడికీ ఒక రోల్ నంబరు ఉంది. అది ముందే పట్టుకో. జనాభా లెక్కల మీద ఆశ వద్దు. 1821 నుంచి 1851 దాకా ఉన్నవి చాలామటుకు 1922లో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే కోర్టుల భవనం మంటల్లో పోయాయి. 1861 నుంచి 1891 వరకు తీసిన లెక్కలను ప్రభుత్వమే నాశనం చేసింది. పంతులి ఇల్లూ పొలమూ గ్రిఫిత్ వాల్యుయేషన్‌లో, అంటే ఆ శతాబ్దపు ఇళ్ళ, భూముల విలువ లెక్కల్లో, వెతుకు.

ఇక అసలు భయం. తెలివైనవాళ్ళు కూడా హాజరు పట్టీలో ఉన్న పేర్లు లెక్కపెట్టి, గది నిండా పిల్లలున్నారని రాసేస్తారు. ఆ తప్పు నువ్వు చేయకు. నాలుగు రోజులు వచ్చి మానేసినవాడి పేరూ పట్టీలో ఉంటుంది. నీకు కావలసింది సగటు హాజరు, అదీ నెలవారీగా. బంగాళాదుంపలు నాటేటప్పుడూ తవ్వేటప్పుడూ గది ఖాళీ. సగటు పడిపోతే, ఆ బడులకు డబ్బిచ్చే జాతీయ విద్యా బోర్డు పంతులి జీతమే ఆపేయగలిగేది. 1872లో పిల్లల పరీక్ష ఫలితాలను బట్టి పంతులికి చెల్లింపు వచ్చాక ఇంకా కష్టం: నిర్ణీత రోజులు రాని పిల్లవాణ్ణి ఇన్‌స్పెక్టర్ పరీక్షకు నిలబెట్టకూడదు, వాడి తాలూకు ఫీజు పంతులికి రాదు. రానివాడికి హాజరు వేయాలనిపించేది అక్కడే. ఇన్‌స్పెక్టర్ చెప్పకుండా వచ్చి తలలు లెక్కపెట్టి, ఆ రోజు పట్టీతో పోల్చేవాడు. తేడా దొరికితే ఉద్యోగానికే ముప్పు.

కనుక ఈడీ 9లో దొంగ హాజరు కేసు కనబడగానే పంతులు మోసగాడని తేల్చేయకు, అమరవీరుణ్ణీ చేయకు. ఆ యేటి జీతం, నెలల హాజరు, ఇన్‌స్పెక్టర్ వచ్చిన తేదీ పక్కపక్కన పెట్టి చూడు. జీతాల పుస్తకంలో బోర్డు ఇచ్చిందే ఉంటుంది. పిల్లలు తెచ్చిన పెన్నీలూ, పొయ్యికి మోసుకొచ్చిన పీట్ గడ్డలూ అందులో కనబడవు. మన వీధిబడి పంతులికి వడ్లు కొలిచినట్టే అదీనూ.

ఉత్తరాలు ఎవరు రాశారో కూడా చూడు. చాలావరకు బడి మేనేజరే, అంటే సాధారణంగా ఊరి పాదిరీ. పంతుల్ని తీసేసే అధికారమూ ఆయనదే. పంతులి మాట ఆయన కలం గుండా వస్తుందని గుర్తుంచుకుని చదువు. ఐరిష్ భాష మాట్లాడిన ప్రతిసారీ ఒక గాటు పెట్టడానికి పిల్లల మెడలో కట్టిన గాట్ల కర్ర గురించి 1937-39 నాటి బడిపిల్లల జానపద సేకరణలో చదువుతావు. దాన్ని బోర్డు నియమంగా రాయకు. ఇళ్ళలో పెద్దలూ దానికి తోడ్పడ్డారు.

రీడింగ్ రూములోకి పెన్సిల్ ఒక్కటే తీసుకెళ్ళు. వానకోటు మంచిది కొనుక్కో, డబ్బు సంగతి నాకొదిలెయ్. మొదటి అధ్యాయం మొదలుపెట్టేముందు జీతాల పుస్తకం నకళ్ళు నాకు పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పెదనాన్న