మీరు రాయని దస్తావేజును మీరు రద్దు చేయకండి

ప్రశ్న: నా వయసు 67. మావారు రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో నా పేరు మీద ఇల్లు కట్టించారు. ఆయన పోయాక, 2020 నుంచి వేరే రాష్ట్రంలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. సామాను లోపలే పెట్టి ఇంటికి తాళం వేశాను. అద్దెకు మనుషుల్ని చూస్తానన్న ఒక ఏజెంటు అడిగితే ఆధార్, పాన్, ఇంటి దస్తావేజు కాపీలు వాట్సాప్‌లో పంపాను. 2023 జనవరి 17న నాకు మోకాలి ఆపరేషన్ జరిగింది, రెండు నెలలు మంచం దిగలేదు. ఆ ఏడాది జూన్‌లో ఇంటి పన్ను కడితే రసీదు ఎవరి పేరుతోనో వచ్చింది. కంప్యూటర్ పొరపాటు అనుకున్నాం. మూడు వారాల కిందట పక్కింటావిడ ఫోన్ చేసి, ఎవరో మా తాళం పగలగొట్టి వాళ్ల తాళం వేశారని చెప్పింది. ఈసీ (ఆ ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), దస్తావేజు నకలు తీయిస్తే 2023 జనవరి 20న నేనే ఇల్లు అమ్మినట్టు రిజిస్ట్రేషన్ అయింది. ఆధార్ నంబరు నాది, ఫోటో వేరే ఆవిడది. కొన్నాయన ఆ ఇంటి మీద బ్యాంకు లోన్ కూడా తీసుకున్నాడు. తనూ మోసపోయానని, ర్యాటిఫికేషన్ డీడ్ మీద సంతకం పెడితే కొంత డబ్బు ఇస్తానని అంటున్నాడు. మా మరిది క్యాన్సిలేషన్ డీడ్ రిజిస్టర్ చేయించెయ్యమంటున్నాడు. పోలీసులు ఇది సివిల్ గొడవ అంటున్నారు. మావారి గుర్తుగా మిగిలింది ఆ ఇల్లొక్కటే. నిద్ర పట్టడం లేదు. నా ఇల్లు నాకు వస్తుందా?

జవాబు: అమ్మా, ఇల్లు ఎలా కట్టారో, అది మీకెంత ముఖ్యమో రాశారు. కోర్టులో అది అక్కరకు రాదు. మీ కేసును తేల్చే మాట ఉత్తరం మధ్యలో ఒక్క వాక్యంలో ఉంది: 2023 జూన్‌లో పన్ను రసీదు వేరే పేరుతో వచ్చిందన్న మాట. ఆ రసీదు తీసి, దాని మీద ఏ తేదీ ఉందో ముందు చూడండి.

దావాలకు గడువులు పెట్టే 1963 నాటి లిమిటేషన్ చట్టంలో 58వ ఆర్టికల్ ప్రకారం, హక్కు ప్రకటించమని కోరే దావాను దావా వేసే హక్కు మొదట ఏర్పడిన రోజు నుంచి మూడేళ్లలోపు వేయాలి. దస్తావేజు రద్దు కోరేవాళ్లకు 59వ ఆర్టికల్ కూడా మూడేళ్లే ఇస్తుంది, అసలు సంగతి మొదట తెలిసిన రోజు నుంచి. మీకు మూడు వారాల కిందటే తెలిసిందని మీరంటారు. 2023 జూన్‌లోనే మీ చేతికి రసీదు వచ్చిందని అవతలి లాయరు అంటాడు. ఆయన లెక్క ప్రకారం 2026 జూన్‌తో గడువు అయిపోతుంది. ఆ తర్వాత దావా వేస్తే, సాక్ష్యం దాకా పోనివ్వకుండా సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7 రూల్ 11 కింద ప్లెయింటునే (దావా అర్జీనే) తిరస్కరించమని పిటిషన్ వేస్తాడు.

మనకు జవాబు లేక కాదు. రసీదులో పేరు మారడం వేరు, మీ పేరుతో ఇంకొకరు దస్తావేజు రాశారని తెలియడం వేరు. వేరే మనిషి మీరేనని చెప్పి రాసిచ్చిన దస్తావేజు పుట్టుకతోనే చెల్లదు. మొదటి నుంచీ చెల్లని దస్తావేజును ప్రత్యేకంగా రద్దు చేయించుకోనక్కర్లేదని ప్రేమ్ సింగ్ వర్సెస్ బీర్బల్ కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. హక్కును బట్టి స్వాధీనం అడిగే దావాకు 65వ ఆర్టికల్ కింద, అవతలివాడి స్వాధీనం మీ హక్కుకు ప్రతికూలంగా మారిన రోజు నుంచి 12 ఏళ్ల గడువు ఉంది. రిజిస్టరైన దస్తావేజు లోకానికంతా తెలిసినట్టే లెక్క అని కూడా వాళ్లు వాదిస్తారు. ఆస్తి బదిలీ చట్టం 3వ సెక్షన్‌లోని ఆ సూత్రం ఆస్తి కొనేవాడికి వర్తిస్తుంది. ఇల్లు తన స్వాధీనంలోనే ఉన్న యజమాని రోజూ ఈసీ చూసుకోవాలని అందులో లేదు. ఇవన్నీ గట్టి వాదనలే. కానీ గడువు ఉండగానే దావా వేస్తే వీటి మీద ఏళ్ల తరబడి పోట్లాడే పనే ఉండదు. మే నెలలో సివిల్ కోర్టులకు వేసవి సెలవులు వస్తాయి. కాబట్టి జూన్ ఉంది కదా అని కూర్చోకుండా, సెలవులకు ముందే దావా నంబరు పడేలా చూసుకోండి.

ఒక మాట కటువుగా చెప్పక తప్పదు. ముక్కూ మొహం తెలియని ఏజెంటుకు ఆధార్, పాన్, దస్తావేజు మూడూ ఒకేసారి పంపారు. అద్దెకు ఇల్లు చూపించేవాడికి వీటిలో ఏ ఒక్కటీ అక్కర్లేదు. రసీదు మీద వేరే పేరు చూశాక కూడా మీరూ, మీ అబ్బాయీ ఒక్క ఈసీ తీయించలేదు. ఆ రోజే తీసి ఉంటే లోన్ దాకా వెళ్లేదో లేదో! దావాలో ఈ నిర్లక్ష్యం గురించే మిమ్మల్ని గుచ్చి గుచ్చి అడుగుతారు, సిద్ధంగా ఉండండి.

ఇక మీ ముందుకు వచ్చిన రెండు దగ్గరి దారుల సంగతి. ర్యాటిఫికేషన్ డీడ్ అంటే, జరిగిన అమ్మకం నాకు సమ్మతమే అని మీరు రాసివ్వడం. ప్రాణం లేని దస్తావేజుకు మీ చేతులతో మీరే ప్రాణం పోయడం. ఈ రోజు ఆయన దగ్గర లేనిది మీ సమ్మతి ఒక్కటే, అందుకే డబ్బు ఇస్తానంటున్నాడు. టోకెన్‌గా ఒక్క రూపాయి కూడా పుచ్చుకోకండి. మీ ఖాతాలో ఆయన దగ్గర నుంచి సొమ్ము పడితే, అదే రేపు అమ్మకం డబ్బు అవుతుంది.

మీ మరిదిగారి సలహా ఇంకా ప్రమాదం. క్యాన్సిలేషన్ డీడ్ ఎవరు రాస్తారు? మొదటి దస్తావేజు రాసిన మనిషి రాస్తారు. "ఫలానా తేదీన నేను రాసిచ్చిన దస్తావేజును రద్దు చేస్తున్నాను" అని మీరు సంతకం పెట్టిన క్షణం, ఆ రోజు అమ్మింది నేనేనని ఒప్పుకున్నట్టే. మీ కేసు మొత్తం "అది నేను కాదు" అన్న మాట మీదే నిలబడి ఉంది. పైగా కొన్నవాళ్ల సంతకం గానీ కోర్టు ఉత్తర్వు గానీ లేకుండా అమ్మకం దస్తావేజును ఒక్కరే రద్దు చేస్తే మన రిజిస్ట్రేషన్ నిబంధనలు ఒప్పుకోవు. రిజిస్టరైపోయిన దస్తావేజును రద్దు చేసే అధికారం సబ్ రిజిస్ట్రారుకూ లేదు.

ప్లెయింటు రాసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. దస్తావేజు రాసినవాళ్లు దాని రద్దు కోరాలి. రాయనివాళ్లు అది చెల్లదనీ, తమను కట్టివేయదనీ ప్రకటించమని కోరాలి. సుహృద్ సింగ్ కేసులో 2010లో సుప్రీంకోర్టు ఈ తేడా స్పష్టంగా చెప్పింది. మీరు రెండో కోవలోకి వస్తారు. ఒట్టి ప్రకటన ఒక్కటే అడిగితే చాలదు. తాళం ఆయనది కాబట్టి స్వాధీనం కూడా అడగాలి. అడగగలిగిన ఉపశమనం అడక్కుండా వదిలేస్తే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 34వ సెక్షన్ కింద ప్రకటన కూడా దక్కదు. ఖర్చు తక్కువని ఒట్టి ఇంజంక్షన్ (అవతలివాళ్లను అడ్డుకునే కోర్టు ఉత్తర్వు) దావా వేయిస్తామనే వాళ్లుంటారు, వినకండి. హక్కు మీదే మబ్బు కమ్మినప్పుడు ఇంజంక్షన్ దావా సరిపోదని అనాతుల సుధాకర్ కేసు 2008లోనే తేల్చింది. ఇల్లు ఇంకొకరికి అమ్మకుండా, తనఖా పెట్టకుండా తాత్కాలిక ఉత్తర్వు కోసం ఆర్డర్ 39 కింద పిటిషన్ దావాతో పాటే వేయండి. దావా నడుస్తుండగా ఎవరైనా కొన్నా, ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ప్రకారం తీర్పు వాళ్లనూ కట్టివేస్తుంది.

తాళం పగలగొట్టి మూడు వారాలే అయింది కాబట్టి మీకు ఇంకో దారీ ఉంది. చట్టప్రకారం కాకుండా వెళ్లగొట్టినవాళ్ల మీద ఆరు నెలల లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద దావా వేయవచ్చు. అందులో హక్కు ఎవరిదన్న చర్చే రాదు, ఇల్లు ఎవరి స్వాధీనంలో ఉండేదన్నదే చూస్తారు. దీన్ని విడిగా వేయాలా వద్దా అన్నది మీ లాయరుతో కూర్చుని తేల్చుకోండి. మీరు వెళ్లి ఆయన తాళం మాత్రం పగలగొట్టకండి.

బ్యాంకును కూడా ప్రతివాదిగా చేర్చాలి. ఆయన వాయిదాలు ఆపేస్తే బ్యాంకు, తనఖా ఆస్తిని తానే స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద ఇంటి గోడకు స్వాధీనం నోటీసు అంటిస్తుంది. ఆ చర్య మీద డెట్ రికవరీ ట్రైబ్యునల్‌కు వెళ్లడానికి 45 రోజులే గడువు. గోడ మీద ఏ కాగితం కనిపించినా ఆ రోజే ఫోటో తీసి పంపమని పక్కింటావిడకు చెప్పండి.

కొన్నాయన నిజంగానే మోసపోయి ఉండవచ్చు. అయినా అమ్మే హక్కు లేని మనిషి నుంచి ఆయనకు హక్కు రాదు. పైకి యజమానిలా కనిపించేవాళ్ల దగ్గర మంచి నమ్మకంతో కొన్నవాణ్ణి ఆస్తి బదిలీ చట్టం 41వ సెక్షన్ కాపాడేది, అసలు యజమాని సమ్మతితో ఆ మనిషి అలా చలామణి అయినప్పుడే. మీ సమ్మతి ఎక్కడుంది? ఒరిజినల్ దస్తావేజు మీ దగ్గరే ఉంటే, అది చూడకుండా ఆయన ఎలా కొన్నాడో ఆయనే చెప్పుకోవాలి. చాలా సార్లు "ఒరిజినల్ పోయింది" అని పోలీసుల దగ్గర కాగితం పుట్టించి, నకలుతో పని కానిస్తారు. అలాంటిది నకలులో రాసి ఉందేమో చదవండి.

ఇప్పుడు సాక్ష్యం. రిజిస్ట్రేషన్ చట్టం 32ఏ సెక్షన్ ప్రకారం అమ్మినవాళ్ల ఫోటో, వేలిముద్రలు దస్తావేజుకు జతచేయాలి. ఫోటో చూసి వయసు, ఆపరేషన్ వల్ల మొహం మారిందని అబద్ధమాడగలరు. వేలిముద్ర దగ్గర ఆ ఆట సాగదు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలోని వేలిముద్రల రికార్డును కోర్టుకు తెప్పించమని, మీ ముద్రతో పోల్చడానికి నిపుణుడికి పంపమని పిటిషన్ వేయండి. సబ్ రిజిస్ట్రారును ప్రతివాదిగా చేరిస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ నోటీసు, దానికి రెండు నెలల గడువు, లేదంటే కోర్టు అనుమతి అంటూ కాలం పోతుంది. ఆయనను సాక్షిగా పిలిస్తే చాలు.

మీరు కష్టంగా చెప్పుకున్న మోకాలి ఆపరేషన్ మీకు రెండో పెద్ద సాక్ష్యం. 17న ఆపరేషన్ అయిన మనిషి 20న ఇంకో రాష్ట్రంలో మెట్లెక్కి సంతకం పెట్టలేదు. డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు వెతకండి. అసలు బలం మాత్రం ఆసుపత్రి కేస్ షీటుది. వైద్యులు ఇన్‌పేషెంట్ రికార్డులు చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు ఉంచాలన్నదే నిబంధన. మీ విషయంలో ఆ మూడేళ్లూ 2026 జనవరితో దాటిపోయాయి. అయినా ఆసుపత్రి ఉంచి ఉండవచ్చు, రేపే రాతపూర్వకంగా అడగండి. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని కూడా అదే నిబంధనల్లో ఉంది. దరఖాస్తు అందినట్టు ముద్ర వేయించుకోండి. ఏజెంటుతో వాట్సాప్ సంభాషణలు చెరిపేయకండి, ఆ ఫోన్ మార్చకండి.

దావా పనులకు మీ అబ్బాయికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వవచ్చు. సాక్ష్యం మాత్రం మీరే చెప్పాలి. "ఆ సంతకం నాది కాదు" అన్న మాట మీ బదులు ఇంకెవరూ చెప్పలేరు. ప్రయాణం చేయలేకపోతే సాక్ష్యం నమోదు చేసే కమిషనరును మీ దగ్గరికే పంపమని కోర్టును కోరవచ్చు.

పోలీసుల మాట తప్పు. ఒకడు మీ ఇల్లు తనదని చెప్పి అమ్మితే అది ఫోర్జరీ కాదని 2009లో మహమ్మద్ ఇబ్రహీం కేసులో సుప్రీంకోర్టు అంది. కానీ మీ విషయంలో ఒక స్త్రీ తానే మీరని చెప్పి సంతకం పెట్టింది. అది ఫోర్జరీ అని అదే తీర్పు చెబుతుంది. నేరం 2024 జులై 1కి ముందు జరిగింది కాబట్టి పాత ఐపీసీ 419, 420, 467, 468, 471 సెక్షన్లు వర్తిస్తాయి. రిజిస్ట్రేషన్ చట్టం 82వ సెక్షన్‌లో ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. దస్తావేజు మీద సాక్షి సంతకాలు చేసినవాళ్లనూ, ఆమెను గుర్తుపట్టామన్నవాళ్లనూ ఫిర్యాదులో పేర్లతో రాయండి. ఆమె ఎవరో బయటపడేది వాళ్ల ద్వారానే. ఇప్పుడు నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు (జీరో ఎఫ్ఐఆర్) ఇవ్వవచ్చు, మీరున్న ఊళ్లోనే ఇవ్వండి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లండి. అయితే క్రిమినల్ కేసు నడుస్తోంది కదా అని సివిల్ దావా ఆపకండి. ఎఫ్ఐఆర్ వల్ల లిమిటేషన్ ఆగదు, నిందితురాలికి శిక్ష పడినంత మాత్రాన ఇల్లు మీ చేతికి రాదు.

లాయరు ఖర్చు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు.

చివరగా, ఆ పన్ను రసీదును మొదటి రోజే లాయరు చేతిలో పెట్టండి. కేసుకు అడ్డమని దాచేయమని ఎవరైనా చెప్పవచ్చు. దాని కాపీ మున్సిపల్ ఆఫీసులో ఉంది, అవతలివాళ్లు తెచ్చుకుంటారు. మీ ప్లెయింటులో మీరే రాసి, అప్పుడు ఏమనుకున్నారో, ఎందుకు ఊరుకున్నారో చెబితే జడ్జి వింటారు. వాళ్లు క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటికి తీస్తే, ఆ తర్వాత మీరు చెప్పే నిజాలను కూడా అనుమానంగానే చూస్తారు.