ఉద్యోగం మానేస్తే మిగిలేదెంత?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో మూసాపేట. బాలానగర్‌లో డెబ్భై మంది దాకా పనిచేసే కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. జీతం 19,500. మావారికి 34,000 వస్తుంది. పాపకి ఐదున్నర నెలలు. వచ్చే వారం నా మెటర్నిటీ లీవు అయిపోతుంది. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, మా అమ్మ ఊళ్లో ఉంటుంది. డేకేర్ వాళ్లు నెలకి 8,500 అడుగుతున్నారు. ఆ మాత్రం దానికి ఉద్యోగం ఎందుకు, మానెయ్ అంటున్నారు ఇంట్లో. టీకాలకే ఇప్పటికి 14,000 అయ్యాయి. మావారి బాబాయిగారు బీమా ఏజెంటు. పాప పేరు మీద నెలకి 5,000 పాలసీ కట్టమంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మానెయ్యకండి. కనీసం ఈ లెక్క చూసేదాకా.

పీఎఫ్‌కి 1,800, ఈఎస్‌ఐకి (ఉద్యోగుల ఆరోగ్య బీమా) 147, ప్రొఫెషనల్ ట్యాక్స్ 150 పోగా మీ చేతికి 17,400 వస్తుంది. డేకేర్‌కి ఇచ్చాక మిగిలేది 8,900. మీ ఇంట్లోవాళ్లు ఇక్కడిదాకానే లెక్కపెట్టారు. మీ వాటా 1,800కి కంపెనీ ఇంకో 1,800 కలిపి, నెలకి 3,600 పీఎఫ్, పెన్షన్ ఖాతాల్లో పడుతోంది. ఉద్యోగం మానితే అదీ ఆగిపోతుంది. రానూపోనూ ఖర్చు మాటకొస్తే, ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకి ఇచ్చే ఉచిత జీరో టికెట్ మీకు ఉండనే ఉంది.

అసలు పెద్దది ఈఎస్‌ఐ. నెలకి 147 రూపాయలు కట్టి మీరు, మీవారు, పాప ముగ్గురూ వైద్యం చేయించుకోవచ్చు. మీ సెలవు కాలం జీతం డబ్బు ఇచ్చింది కూడా ఈఎస్‌ఐయేనని మర్చిపోకండి. రెండో బిడ్డకీ అదే 26 వారాలు వస్తాయి, అప్పటికి మీరు ఉద్యోగంలో ఉంటేనే. సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రి మీకు కూతవేటు దూరం. రద్దీ ఉంటుంది, లైన్లో సగం పూట పోతుంది, నిజమే. జలుబు, దగ్గులకి వీధి చివర డాక్టరు దగ్గరికే వెళ్లండి. ఆపరేషన్, ఐసీయూ అన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. ఆఫీసులో చేరిన రోజే హెచ్‌ఆర్‌తో చెప్పి పాప పేరు మీ ఈఎస్‌ఐ వివరాల్లో ఎక్కించండి. చాలామంది అవసరం పడ్డ రోజున దీనికోసం పరుగులు పెడతారు.

జీతం 21,000 దాటితే, అప్పటికి నడుస్తున్న ఆర్నెల్ల చందా గడువు అయ్యాక మీకు ఈఎస్‌ఐ కోత ఉండదు, ఆ తర్వాత కొన్నాళ్లకి వైద్యమూ ఆగుతుంది. కాబట్టి ఇంక్రిమెంట్ కబురు వినగానే కుటుంబం మొత్తానికి ఒక హెల్త్ పాలసీ చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద జీఎస్టీ కూడా లేదు.

ఇక డేకేర్ ఖర్చు. 50 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట యజమాని క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) సదుపాయం కల్పించాలని చట్టంలో ఉంది. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు కూడా. మీ కంపెనీలో డెబ్భై మంది అంటున్నారు. నోటిమాటగా కాకుండా హెచ్‌ఆర్‌కి మెయిల్ రాయండి. 'విడిగా క్రెష్ పెట్టడం కుదరకపోతే దగ్గర్లోని డేకేర్‌తో మాట్లాడండి, లేదా ఫీజులో కొంత భరించండి' అని మర్యాదగా అడగండి. పనిలోపనిగా రెండు మూడు నెలలు ఇంటి నుంచి పని కూడా అడగండి. అకౌంట్స్ పనికి అది కుదరనిదేమీ కాదు. వాళ్లు సగం ఫీజు ఒప్పుకున్నా నెలకి 4,250 మిగిలినట్టే. అడగని వాళ్లకి మాత్రం ఏ కంపెనీ తనంతట తాను ఇవ్వదు.

టీకాలకి 14,000 పోయాయి, పోనివ్వండి. తొమ్మిదో నెలలో వేయించాల్సిన ఎంఆర్ (తట్టు, రుబెల్లా), పీసీవీ (న్యుమోనియా) బూస్టర్, పోలియో ఇంజెక్షన్, విటమిన్ 'ఎ' చుక్కలు మీ బస్తీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితం. అక్కడ ఆదాయం అడగరు. ఇప్పటిదాకా వేయించిన టీకాల కార్డు వెంట తీసుకెళ్తే చాలు. టైఫాయిడ్, చికెన్‌పాక్స్ టీకాలు ప్రభుత్వ జాబితాలో లేవు, వాటికి మాత్రం డబ్బు పక్కన పెట్టుకోండి.

అంగన్‌వాడీ అనగానే 'అది మనకు కాదులే' అనుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. నిజానికి దానికి ఆదాయ పరిమితి లేదు. ఏడో నెల నుంచి మూడేళ్లదాకా నెలకి రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్, 16 గుడ్లు ఇస్తారు. బాలామృతం మన నాచారం ఫ్యాక్టరీలోనే తయారవుతుంది. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన పిండి అది. గోరువెచ్చటి నీళ్లలో కలిపితే జావ అవుతుంది. తీపి ఉంటుంది కాబట్టి ఏడాది లోపు ఎంత పెట్టాలో మీ పిల్లల డాక్టర్ని ఒక మాట అడగండి. ప్రతి నెలా బరువు తూచి రాస్తారు కూడా, నా దృష్టిలో ప్యాకెట్ కంటే అదే ముఖ్యం. అయితే ఈ వయసు బిడ్డను సాయంత్రం దాకా చూసుకునే చోటు కాదది. డేకేర్ ఎలాగూ తప్పదు.

రేషన్ కార్డు ఊసు మీకు లేదు. నగరంలో ఏడాదికి 2 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకే ఇస్తారు. ఆదాయం తక్కువ చూపించి తీయిద్దామని ఎవరైనా అంటే వినకండి.

బాబాయిగారి పాలసీ వద్దు. పిల్లల పేరు మీద అమ్మే ఇలాంటి పాలసీల్లో రాబడి సాధారణంగా 5, 6 శాతం దగ్గరే ఆగుతుంది, మధ్యలో మానేస్తే కట్టిందీ పూర్తిగా రాదు. ఆ 5,000లో 3,000 బ్యాంకులో నెలనెలా కట్టే ఒక ఆర్‌డీలో వేసి, మూడు నాలుగు నెలల ఇంటి ఖర్చు జమ అయ్యేదాకా కదపకండి. 1,000 పోస్టాఫీసులో పాప పేరు మీద సుకన్య ఖాతా (ఆడపిల్లల పొదుపు పథకం) తెరిచి కట్టండి. ప్రతి నెలా 5వ తారీఖు లోపు వేస్తేనే ఆ నెల వడ్డీ వస్తుంది. 15 ఏళ్లు కట్టాక, ఇప్పటి 8.2 శాతమే కొనసాగిందనుకుంటే, 21వ ఏట 5 లక్షలు దాటుతుంది. మిగతా 1,000 మీవారి మీద టర్మ్ పాలసీకి, అంటే ఆయనకేదైనా అయితే మీకు డబ్బు వచ్చే బీమాకి. బాబాయిగారు నొచ్చుకుంటారని టెన్షన్ పడుతుంటే ఆ టర్మ్ పాలసీ ఏదో ఆయన దగ్గరే తీసుకోండి, ఆయన కమీషన్ ఆయనకీ వస్తుంది.