దూరపు పరుగులో గాయాలకు, మనస్తత్వానికి సంబంధం ఉందా?

మీరు తిరుపతిలో మీ తొలి మారథాన్‌కు సిద్ధమవుతున్నారు. మోకాలు నొప్పిగా ఉన్నా ఒక్క రోజు కూడా మానలేకపోతున్నారు. లోపం కాలిదా, మనసుదా అని అడిగారు. రెండింటిదీ.

ఈ గాయాలు చాలావరకు కింద పడటం వల్ల వచ్చేవి కావు. ఒకే కదలిక వేలసార్లు జరిగి, కోలుకునే వ్యవధి చాలక వస్తాయి. మోకాలే ఎక్కువగా దెబ్బతింటుంది. ఇదివరకు గాయపడినవారికి ముప్పు మరింత ఎక్కువ.

ఇక మనసు. 2003లో మనస్తత్వవేత్త రాబర్ట్ వల్లెరాండ్ బృందం మనుషుల మక్కువను రెండు రకాలుగా చూసింది: మన అదుపులో ఉండేది, మనల్ని అదుపులో పెట్టుకునేది. రెండో రకం వారికి ఒక పూట పరుగు మానినా తప్పు చేసినట్టు అనిపిస్తుంది. నొప్పిని దాచుకుని పరుగెత్తుతారు. పట్టుదల వంటి మంచి గుణమే ఇలా కీడు చేయడం నిజంగా బాధాకరం.

అలిపిరి మెట్లపై సాధన చేస్తుంటే ఒక మాట. 3,550 మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది కానీ, మోకాలికి అసలు భారం దిగేటప్పుడే. తొడ కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాల్సి వస్తుంది. కాబట్టి నడిచి ఎక్కండి, బస్సులో దిగండి. అందులో చిన్నతనమేమీ లేదు. నొప్పికి మీ నడక తీరే మారిపోతుంటే మాత్రం పరుగు ఆపి వెంటనే వైద్యుణ్ణి కలవండి.