బీచ్‌లో నాకు నచ్చనిది నున్నగా కనిపించే నీళ్ళే

బీచ్‌లో మరిచిపోలేని అనుభవం చెప్పమన్నారు. సూర్యోదయం గురించి రాసేవాళ్ళు చాలామంది ఉంటారు. నాకు మాత్రం బీచ్ అనగానే లైఫ్‌గార్డ్ ఈల గుర్తొస్తుంది.

అప్పుడు నాకు 24 ఏళ్ళు. స్విమ్మింగ్ పూల్‌లో బాగా ఈదుతాననే పొగరు ఒకటి. ఇక్కడే ఈదండని లైఫ్‌గార్డులు పాతిన ఎరుపు పసుపు జెండాల మధ్య జనం కిక్కిరిసి ఉన్నారు. కాస్త అవతల ఒకచోట మాత్రం అలలే విరగడం లేదు. నీళ్ళు ముదురు రంగులో, నున్నగా ఉన్నాయి. "ఇంత మంచి చోటు ఖాళీగా ఉంటే అక్కడ తోసుకుంటారేమిట్రా" అని తమ్ముడితో అని దిగిపోయాను.

నడుము లోతే. కాసేపటికి తిరిగి చూస్తే తమ్ముడు వేలెడంత కనిపించాడు. ఒడ్డువైపు ఈదడం మొదలుపెట్టాను. బారలు వేస్తున్నా ఒడ్డు దగ్గరకు రాదే! చేతులు బరువెక్కాయి, ఉప్పునీళ్ళు గొంతులోకి పోయాయి. సిగ్గు విడిచి చెప్తున్నాను, కేకలు వేస్తే నలుగురూ నవ్వుతారేమోనని ఆగాను. ప్రాణం పోయేలా ఉన్నా పరువు గురించే ఆలోచన!

అప్పుడు వినిపించింది ఈల. లైఫ్‌గార్డ్ చేత్తో పక్కకి, పక్కకి అని చూపిస్తున్నాడు. ఒడ్డుకి రమ్మనకుండా పక్కకి పొమ్మంటాడేమిటని కోపం వచ్చింది. గతిలేక ఒడ్డుకి సమాంతరంగా ఈదాను. కొంతదూరం పోయేసరికి లాగుడు తగ్గింది. తర్వాత అలలే నన్ను తోసుకుంటూ తెచ్చి ఇసుకలో పడేశాయి.

తిట్టాల్సినవన్నీ తిట్టాక ఆయనే వివరించాడు. ఒడ్డుకి వచ్చిన నీళ్ళు మళ్ళీ వెనక్కి పోవాలి కదా. నీటి అడుగున ఇసుక మేటల మధ్య సందు దొరికితే అందులోంచి జోరుగా పోతాయి. అదే రిప్ కరెంట్. అక్కడ లోతు ఎక్కువ కాబట్టి అలలు విరగవు, మనకేమో ప్రశాంతంగా కనిపిస్తుంది. ఒక్కోసారి దాని వేగం సెకనుకు 2 మీటర్లు దాటుతుంది. ఒలింపిక్ ఈతగాడికైనా ఎదురీదడం కష్టమే. అది మనిషిని కిందికి లాగదు, లోపలికి మోసుకుపోతుంది. ముంచేది మన కంగారూ అలసటే. వెడల్పు మాత్రం తక్కువ, అందుకే పక్కకి ఈదితే బయటపడతాం.

ఈత రానివాళ్ళకంటే కాస్త వచ్చినవాళ్ళతోనే బీచ్‌లో ప్రమాదం అని నా గట్టి నమ్మకం. లెక్కలు అడక్కండి, నేనే లెక్క. ఈల వేస్తే మొహం చిట్లించేవాళ్ళన్నా, సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీలు దిగేవాళ్ళన్నా నాకు ఒళ్ళు మంట. ఇంకో రకం ఉన్నారు, "నిన్న ఈ టైముకి ఇక్కడిదాకా నీళ్ళు రాలేదే" అంటూ తడిసిన బ్యాగులు పిండుకునేవాళ్ళు. పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది బాబూ, మీ గడియారం చూసుకుని రాదు. ఇంత చెప్తున్నానా, ఆ రోజు నా చెప్పులూ అలాగే పోయాయి.

ఇప్పుడు బీచ్‌కి వెళ్తే ముందు పది నిమిషాలు నిలబడి, అలలు ఎక్కడ విరుగుతున్నాయో ఎక్కడ విరగడం లేదో చూస్తాను. మా ఆవిడ పిల్లల్ని పట్టుకుని పక్కనే నిలబడి, "స్థలం కొనడానికి వచ్చారా ఏమిటి?" అంటుంది.